ఆ స్క్రూ మీద చేయి వేయకముందు

(కడపలో ద్విచక్ర వాహనాల మెకానిక్కులు, ఐటీఐ విద్యార్థులు కలిసిన సమావేశంలో ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న పెద్దల్లో కొందరు నాకు పని నేర్పినవారు. వెనక నిలబడ్డ పిల్లల్లో కొందరు నా షెడ్డులో పని నేర్చుకుంటున్నవారు. ఇద్దరికీ పనికొచ్చే మాటే చెప్పాలని వచ్చాను కాబట్టి నేరుగా విషయంలోకి వెళతాను.

పోయిన నెలలో నా దగ్గరకు ఒక 125 సీసీ బండి వచ్చింది. పెట్రోలు ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటర్ లెక్కకట్టే ఇంజెక్షన్ బండి. స్లోలో, అంటే రేసు ఇవ్వకుండా ఉంచినప్పుడు, ఇంజిన్ నిలవడం లేదు. రోడ్డు మీద బాగానే పోతుంది, ఆపితే మాత్రం రెండు మూడు సార్లు ఊగి ఆగిపోతుంది. నేను ముందుగా చూసింది థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని రెక్కతో అదుపు చేసే భాగం, పక్కన ఉండే చిన్న స్క్రూను. దాని తల మీద కంపెనీ పెట్టిన రంగు గుర్తు పగిలి ఉంది. నాకంటే ముందు ఎవరో దాన్ని తిప్పారు. ఆ బండికి మొదట ఉన్న జబ్బు గాలి లీకు. అది దొరకడానికి నాకు గంట పట్టింది. ఆ స్క్రూ తిప్పినందువల్ల వచ్చిన రెండో జబ్బు సరిచేయడానికి మరుసటి రోజు సాయంత్రం అయింది.

తిప్పిన ఆ మెకానిక్‌ను నేను తప్పుపట్టడం లేదు. గాలి, పెట్రోలు కలిపే పాత కార్బొరేటర్ మన చేతులకు నేర్పిన అలవాటు అది. ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు, స్లో స్క్రూ అర చుట్టు, చెవి పెట్టి వింటే చాలు. ఆ విద్య నిజమైన విద్యే. అయితే 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక మన షెడ్లకు వచ్చే కొత్త బళ్లన్నీ దాదాపుగా ఇంజెక్షన్‌వే. వాటిలో ఎయిర్ స్క్రూ లేదు. పెట్రోలు, గాలి ఎంతెంత కలవాలో చెప్పే స్క్రూ ఏదీ లేదు. చాలా బళ్లలో కనిపించే ఆ ఒక్క స్క్రూ, థ్రాటిల్ మూసుకున్నప్పుడు రెక్క ఎక్కడ ఆగాలో చెప్పే అడ్డు మాత్రమే.

దాన్ని తిప్పితే ఏమవుతుందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే ఉంది. థ్రాటిల్ రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. పూర్తిగా మూసి ఉన్నప్పుడు అది చాలా బళ్లలో అర వోల్టు చుట్టుపక్కల చూపిస్తుంది. ఆ అంకె కనబడగానే ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్), బండి నడిపేవాడు చేయి తీసేశాడని అర్థం చేసుకుని స్లోను తన చేతిలోకి తీసుకుంటుంది. మనం స్క్రూ బిగించి రెక్కను కొద్దిగా ఎత్తామంటే ఆ అంకె మారుతుంది. ఈసీయూ దృష్టిలో ఇప్పుడు మనిషి సన్నగా రేసు ఇస్తూ ఉన్నాడు. కాబట్టి అది స్లోను పట్టించుకోదు. దిగుడులో పెట్రోలు ఆపదు. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పెరిగింది కదా అని మనం సంతోషపడతాం కానీ, స్లోను కాపలా కాసేవాడిని మనమే పక్కకు తప్పించాం. కొన్ని బళ్లలో మూసిన స్థానాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పే పద్ధతి ఉంటుంది. అది ఏ మోడల్‌కు ఎలాగో సర్వీసు పుస్తకంలో చూసి చేయాలి, ఊహించి చేయకూడదు.

స్లోలోనే ఇన్ని జబ్బులు ఎందుకు బయటపడతాయి? ఈ లెక్క చూడండి. చిన్న బళ్లలో స్లో 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మంట. అంటే సెకనుకు దాదాపు 12 సార్లు. మూసిన థ్రాటిల్ పక్క నుంచి ఒక్కో విడతకు లోపలికి పోయే గాలి చాలా కొద్ది. ఆ గాలికి సరిపడే పెట్రోలు నేను లెక్కకట్టినంతలో మూడు మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. ఇంజెక్టర్ తెరుచుకుని మూసుకునే సమయం సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. ఇంత సన్నని పనిలో సూది మొన మందం గాలి అదనంగా దూరినా లెక్క తప్పుతుంది. అదే థ్రాటిల్ తెరిచి పోతున్నప్పుడు లోపలికి పోయే గాలి ఎన్నో రెట్లు. ఆ గాలిలో ఈ లీకు లెక్కలోకే రాదు. అందుకే బండి రోడ్డు మీద బాగా పోయి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. "స్పీడులో బాగుంది, స్లోలోనే గొడవ" అని కస్టమర్ చెప్పిన మాటను తేలిగ్గా వదిలేయకండి, సగం రోగనిర్ణయం అందులోనే ఉంది.

ఇక మిశ్రమం సంగతి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. మనం ఇప్పుడు పోయించుకునే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటుంది కాబట్టి సరైన అంకె 14.7 కన్నా తక్కువే. కార్బొరేటర్‌కు ఇది తెలియదు, దానిలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, జెట్, ఎంత ఇవ్వాలో అంతే ఇస్తుంది. పాత బళ్లు కొత్త పెట్రోలుతో కొంచెం లీన్‌గా, అంటే గాలికి పెట్రోలు చాలక, నడవడానికి కారణం ఇదే. ఇంజెక్షన్ బండి సైలెన్సర్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ మాట విని పెట్రోలు పెంచుకుంటుంది. మైలేజీ కొంచెం తగ్గిందని కస్టమర్ అంటే ప్రతిసారీ ఇంజిన్‌ను అనుమానించనక్కర్లేదు, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ.

ఆక్సిజన్ సెన్సర్ అన్నాను కదా. ఇవాళ మీ ముందుకు నేను వచ్చిందే దీని గురించి చెప్పడానికి.

ఈసీయూకు కళ్లు లేవు. అది రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషి లాంటిది. సాక్షులు చెప్పింది విని తీర్పు చెబుతుంది. ఇంజిన్ వేడి ఎంతో ఒక సాక్షి చెబుతుంది, లోపలి గాలి పీడనం ఇంకొకటి, రెక్క ఎక్కడుందో మరొకటి. చివరి సాక్షి ఆక్సిజన్ సెన్సర్. బాగా వేడెక్కాకే అది నోరు విప్పుతుంది. చాలా బళ్లలో లీన్ అయితే 0.1 వోల్టు వైపు, రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయితే 0.9 వోల్టు వైపు పోతుంది. బాగున్న బండిలో ఈ రెండింటి మధ్య నిలకడ లేకుండా ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడమే ఆరోగ్యం. ఒకేచోట కదలకుండా ఉంటే అనుమానించాలి.

కానీ ఒక మాట గుండెల్లో రాసుకోండి. ఆ సెన్సర్‌కు పెట్రోలు కనబడదు. దానికి కనబడేది ఆక్సిజన్ ఒక్కటే.

నాలుగేళ్ల కింద ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలో పనిచేసే ఒక యువకుడు బండి తెచ్చాడు. పెట్రోలు వాసన, నల్లటి ప్లగ్గు, లీటరుకు 60 ఇచ్చేది 40కి పడిపోయింది. ఈసీయూ అంకెలు చదివే స్కానర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ సెన్సర్ ఎప్పుడూ లీన్ అనే చెబుతోంది, ఈసీయూ పెట్రోలు పెంచుకుంటూ పోతోంది. ప్లగ్గు చూస్తే రిచ్, సెన్సర్ చూస్తే లీన్. సెన్సర్ చెడిపోయిందని నేను తీర్మానించాను. కొత్తది వేశాను. మార్పు లేదు. ఇంజెక్టర్ కారుతోందేమోనని అదీ మార్చాను. మార్పు లేదు. ఆ కుర్రవాడు రెండు వారాల కూలి డబ్బు నా చేతిలో పెట్టి, "అన్నా, ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పొద్దున చల్లటి ఇంజిన్‌ను స్టార్టు చేసి సైలెన్సర్ తల దగ్గర వంగి చూశాను. సిలిండర్ హెడ్డుకు సైలెన్సర్ కలిసేచోట గ్యాస్కెట్ పక్కన నల్లని మసి గీత, వెంట్రుక మందాన. పొగ బయటకు పోతోంది, సరే. కానీ పొగ దెబ్బదెబ్బగా పోతుంది, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సైలెన్సర్‌లో పీడనం బయటి కన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో అదే సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ సెన్సర్‌కు తగిలింది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, ఆక్సిజన్ ఉందంది. ఈసీయూ దాన్ని లీన్ అనుకుంది, పెట్రోలు పోసింది. గ్యాస్కెట్ ధర వంద రూపాయలు కూడా లేదు. మార్చిన సెన్సర్, ఇంజెక్టర్ డబ్బు అతనికి తిరిగి ఇచ్చేశాను. పాత సెన్సర్ బిగించి చూస్తే అది నిక్షేపంగా పనిచేసింది.

ఇదే సూత్రం మంట తప్పినప్పుడూ వర్తిస్తుంది. ప్లగ్గో కాయిలో బలహీనమై ఒక విడత కాలకపోతే, కాలని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా సైలెన్సర్‌లోకి పోతుంది. సెన్సర్ మళ్లీ లీన్ అంటుంది. ఈసీయూ ఇంకా పెట్రోలు పోస్తుంది, ప్లగ్గు ఇంకా నల్లబడుతుంది. కాబట్టి ప్లగ్గు రిచ్, సెన్సర్ లీన్ అని ఎదురుపడినప్పుడు ముందు సైలెన్సర్ జాయింటు, ఆ తరువాత మంట, ఆ తరువాతే సెన్సర్. సైలెన్సర్ మార్చి సెన్సర్‌ను గాలికి వేలాడదీసిన బళ్లు కూడా చూస్తున్నాం. వాటి మైలేజీ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన గాలి లీకు. థ్రాటిల్ బాడీకీ సిలిండర్ హెడ్డుకూ మధ్య ఒక రబ్బరు గొట్టం లేదా ఇన్సులేటర్, దాని ఓరింగు ఉంటాయి. మన ఎండలకు, ఇంజిన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి పగుళ్లు బారుతుంది. పై నుంచి చూస్తే బాగుంటుంది, అడుగున చీలి ఉంటుంది. చేతి వేలితో అడుగు భాగం తడమాలి. సన్న వాక్యూమ్ గొట్టాలు కొసల్లో చీలతాయి. లోపలి పీడనం కొలిచి పెట్రోలు నిర్ణయించే బండిలో ఈ లీకు ఉంటే స్లో పెరుగుతుంది లేదా పైకి కిందికి ఊగుతుంది, ఎందుకంటే దూరిన గాలికి ఈసీయూ పెట్రోలు కూడా కలిపేస్తుంది. రెక్క కోణాన్ని ఎక్కువగా నమ్ముకునే బండి లీన్ అయి ఆగిపోతుంది. జబ్బు ఒకటే, లక్షణాలు రెండు.

లీకు వెతకడానికి చాలామంది క్లీనర్ స్ప్రే కొడతారు. అది మంట అంటుకునే వస్తువు. వేడి సైలెన్సర్ పక్కన, ప్లగ్గు వైరు పక్కన దాన్ని కొట్టడం నేను ఒప్పుకోను. సబ్బు నీళ్లు చాలు. సన్నగా చల్లితే చీలిక దగ్గర నీరు లోపలికి పీల్చుకుంటుంది, ఒక క్షణం ఇంజిన్ స్వరం మారుతుంది. చెవి పెట్టి వినే మన పాత విద్యకు ఇక్కడ ఇప్పటికీ విలువ ఉంది.

పిల్లలకు ఇంకొక హెచ్చరిక. పెట్రోలు పైపులో చాలా బళ్లలో మూడు బార్ చుట్టుపక్కల ఒత్తిడి ఉంటుంది. కార్బొరేటర్ పైపు లాగినట్టు లాగితే కళ్లలోకి, వేడి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. పంపు కనెక్టర్ తీసి, బండిని స్టార్టు చేసి అదే ఆగిపోయేదాకా ఉంచి, చల్లబడ్డాక గుడ్డ చుట్టి విప్పాలి. ఈ విషయంలో నా షెడ్డులో ఎవరికీ రెండో అవకాశం ఇవ్వను.

వేడి చెప్పే సెన్సర్ గురించి. ఇది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ నిరోధం చూపిస్తుంది, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. కనెక్టర్‌లో తుప్పు పడితే నిరోధం పెరుగుతుంది. అంటే ఇంజిన్ మండిపోతున్నా ఈసీయూకు చల్లగా ఉన్నట్టే వార్త పోతుంది. పాతకాలంలో చోక్ వేసి ఊరంతా తిరిగినట్టు ఉంటుంది ఆ బండి. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున స్టార్టు చేయకముందే స్కానర్ పెట్టండి. ఇంజిన్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపాలి. ఒకటి 28, ఇంకొకటి 5 అంటే కడపలో ఏ నెలలోనైనా అది అబద్ధమే.

ఇక్కడ మీటరులో ఇంజిన్ లోపం చెప్పే పసుపు రంగు లైటు సంగతి కూడా చెప్పాలి. లైటు వెలగలేదు కాబట్టి ఇంజెక్షన్‌లో లోపం లేదని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. లైటుకు ముఖ్యంగా తెలిసేది వైరు తెగిందా, షార్టు అయిందా, అంకె హద్దు దాటిందా అన్నది. హద్దు లోపలే ఉండి తప్పు చెప్పే సెన్సర్ లైటు వెలిగించకపోవచ్చు. సగం మూసుకుపోయిన ఇంజెక్టర్, పగిలిన రబ్బరు, బిగిసిపోయిన వాల్వులు కూడా అంతే. లైటు వెలిగితే ఈసీయూ దాచిన లోపం కోడ్ చదవండి, కానీ కోడ్‌లో ఏ సెన్సర్ పేరు ఉంటే దాన్ని కొని తేవద్దు. ఆ సెన్సర్ దారిలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే దాని అర్థం. ముందు కనెక్టర్ విప్పి చూడండి.

(సభలో ఒకరు: గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు క్లచ్ పట్టగానే బండి ఆగిపోతోందని ఒక కస్టమర్ అంటున్నారు. మామూలు రోడ్డులో ఏమీ లేదు.)

మంచి ప్రశ్న. ఘాట్ దిగేటప్పుడు థ్రాటిల్ మూసి గేరులో ఉంటే, ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. ఆర్‌పీఎం స్లో దగ్గరకు దిగేసరికి మళ్లీ పెట్రోలు మొదలుపెడుతుంది. మీ కస్టమర్ క్లచ్ పట్టిన క్షణంలో ఆర్‌పీఎం ఒక్కసారిగా పడుతుంది. పడేదాన్ని పట్టుకోవాలంటే పెట్రోలు రావాలి, దానితో గాలి కూడా రావాలి. ఆ గాలి వచ్చేది రెక్క అంచు సందులోంచి, పక్కదారిలో ఉండే స్లో వాల్వులోంచి. ఆ రెండుచోట్లా మసి పేరుకుంటే గాలి చాలదు, బండి ఆగిపోతుంది. థ్రాటిల్ బాడీ విప్పి, గుడ్డకు క్లీనర్ తడిపి రెక్క అంచు, బోరు తుడవండి. క్లీనర్ నేరుగా కుమ్మరించవద్దు, సెన్సర్లలోకి, వాల్వు మోటారులోకి దిగుతుంది. కత్తితో గీకవద్దు, కొన్నింటిలో రెక్క చుట్టూ కంపెనీ పూత ఉంటుంది, అది మసి కాదు. శుభ్రం చేశాక స్లో కొద్దిసేపు ఎక్కువగా ఉండవచ్చు. మసితో నడవడానికి ఈసీయూ నేర్చుకున్న అంకెలు అవి. భయపడి స్క్రూ తిప్పకండి. బండిని వేడెక్కనిచ్చి, ఆపి, మళ్లీ స్టార్టు చేసి చూడండి.

ఆ మసి ఎక్కడి నుంచి వస్తుందో మన ప్రాంతంవాళ్లకు బాగా తెలియాలి. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బళ్ల ఫిల్టర్లు విప్పితే నాపరాతి పొడి పిండిలా రాలుతుంది. మనం వెంటనే కంప్రెసర్ గాలి కొడతాం. నూనె పూసిన కాగితం ఫిల్టరుకు గాలి కొట్టకూడదు, మార్చాలి. గాలి దెబ్బకు కాగితంలో సన్న రంధ్రాలు పడతాయి. ఆ దుమ్ము ఇంజిన్ ఊపిరి గొట్టం నుంచి వచ్చే నూనె ఆవిరితో కలిసి రెక్క మీద ముద్దలా అంటుకుంటుంది. ఇంకొక తేడా గమనించండి. కార్బొరేటర్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే బండి రిచ్ అయ్యేది. పీడనం కొలిచే ఇంజెక్షన్ బండిలో, వచ్చిన గాలికి తగ్గట్టే పెట్రోలు తగ్గుతుంది, కాబట్టి పికప్ పోతుంది కానీ అంతగా నల్లపొగ రాదు. నల్లపొగ వస్తే ఫిల్టర్ మీదికి తోసేయకుండా ఇంకా వెతకాలి.

(ఇంకొకరు: ఎండాకాలంలో ట్యాంకు నిండా పోయించిన రోజే వేడి మీద స్టార్టు కావడం లేదంటున్నారు.)

మూత దాకా పోయించే అలవాటు వల్ల అది. కొత్త బళ్లలో ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన డబ్బా ఉంటుంది, దాని గొట్టం థ్రాటిల్ బాడీ వైపు పోతుంది. మెడ దాకా నింపి ఎండలో నిలిపితే పెట్రోలు వ్యాకోచించి ఆ డబ్బాలోకి దిగుతుంది. ఆవిరి పట్టవలసిన బొగ్గు పెట్రోలుతో తడిసిపోతుంది. అక్కడి నుంచి లెక్కలో లేని పెట్రోలు ఇంజిన్‌లోకి వస్తుంది. అనుమానం తీరాలంటే ఆ గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి స్లో చూడండి. కుదుటపడితే దోషి దొరికినట్టే. ఇక ట్యాంకు అడుగంటేదాకా నడపడం కూడా మంచిది కాదు. పంపు ట్యాంకులోనే ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది.

బ్యాటరీ గురించి ఒక్క మాట. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 10 కంటే కిందికి పడే బండికి ఇంజెక్షన్ వైద్యం మొదలుపెట్టవద్దు. తక్కువ వోల్టేజీలో ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, పంపు నీరసంగా తిరుగుతుంది, సెన్సర్ల మాటలూ తప్పుతాయి. ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్తు వైరు. వాల్వు క్లియరెన్సు (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్న సందు) కూడా చూసేశాకే స్కానర్ పట్టుకోండి. బిగిసిన వాల్వును ఏ ఈసీయూ సరిచేయలేదు.

(ఒక విద్యార్థి: సార్, బయట ఒక బండి ఉంది. స్లో ఊగుతోంది. ఇక్కడే చూపిస్తారా?)

తప్పకుండా. లోపలికి తీసుకురా నాయనా. తలుపులు తెరిచి ఉంచండి, ఎవరూ దగ్గరలో బీడీ, సిగరెట్ వెలిగించవద్దు. మల్టీమీటర్ ఎవరి దగ్గర ఉంది? ఇలా ఇవ్వండి. స్క్రూడ్రైవర్ వద్దు, దాన్ని పెట్టెలోనే ఉండనివ్వండి. బాబూ, కీ మాత్రం ఆన్ చెయ్యి, సెల్ఫ్ కొట్టకు. అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి. ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు సన్నగా రొద చేసి ఆగాలి. ముందు అది విందాం.